సీమోను క్యారియరు

ఖాళీ క్యారియరుతో సైకిలు తొక్కడం సీమోనుకు చేతకాని విద్య. వెనక ఏదో ఒక బరువు ఉండాలి. బియ్యం బస్తా, తిరగలి రాయి, అవీ దొరక్కపోతే తన దారిన తాను పోతున్న మనిషి. ఓసారి శ్రీకూర్మం వెళ్లాల్సిన జగన్నాధం మేష్టారిని ఎక్కించుకుని రామతీర్థంలో దించాడు.

"దేవుడు ఏడైనా దేవుడే కదా బావూ!" అన్నాడు, తాను ఆదివారం చర్చికి వెళ్లే మనిషై ఉండి.

ఈ బరువులు మోయడాన్ని పందేలకు తాలీము అనేవాడు. అరవై ఏడు, అరవై ఎనిమిదిల్లో ఆ చుట్టుపక్కల తీర్థాలకు పెట్టే ఒక్కరోజు సైకిలు పందేలన్నీ అతనివే. గెలిచిన ఇత్తడి బేసిన్లు తన పంక్చర్ల కొట్టు ముందు మెరుస్తుండేవి. వాటిలోనే నీళ్లు పోసి ట్యూబుల బెజ్జాలు వెతికేవాడు. మనసు మాత్రం అరవై తొమ్మిదిలో కొత్తగా పెట్టబోతున్న నాలుగు రోజుల పందెం మీద ఉండేది. విజయనగరంలో బయల్దేరి, ఇచ్ఛాపురం దాకా వెళ్లి తిరిగి రావాలి.

అప్పుడే, ఊరి వరసకు అత్త అయిన దాలమ్మకు మోకాళ్లు పట్టేశాయి. వంకాయల బుట్టతో రోజూ రణస్థలం బజారుకు నడిచే మనిషి. పొద్దెక్కకముందే చేరకపోతే ఆమె చోట ఇంకొకరు కూర్చుంటారు. ఒకసారి పోయిన చోటు మళ్లీ రాదు. అయినా సాయమంటే ఆమెకు ఒళ్లు మంట. సొంత చెల్లెలింట మజ్జిగైనా ముట్టదు.

"అత్తా, నువ్వే నాకు సాయం సెయ్యాల," అన్నాడు సీమోను. "ఒక్కరోజు పందేనికి బియ్యం బస్తా సాల్తాది. నాలుగు రోజులదానికి మాటాడే బస్తా కావాల."

"నాను బస్తానేటిరా!"

"బస్తా తిట్టదు కదత్తా. తిట్లూ బరువే."

దాలమ్మ ఎక్కింది. తనవల్లే వాడు గెలవబోతున్నాడని బజారంతా చాటింది. "నాను సిక్కిపోతే ఆడు ఓడిపోతాడు," అంటూ రెండు ముద్దలు ఎక్కువే తినేది.

ఒక ఉదయం దారిలో వెనక నుంచి జీపు హారను వినిపించింది. వీపులకు అంకెల గుడ్డలు కట్టుకున్న కుర్రాళ్లు సైకిళ్ల మీద వాళ్లను దాటుకుని దూసుకుపోయారు.

"ఒరే, అది నీ పందెం కాదేటిరా?"

సీమోను ఊరికే బెల్లు కొట్టాడు.

"నిన్నే! పేరియ్యనేదా?"

"నాలుగు రోజులు నానెల్లిపోతే నీ సోటు ఉంటాదేటత్తా?"

దాలమ్మ బుట్టను ఒళ్లోకి లాక్కుంది. ఒక్కరోజు పందేలకైతే తనను బజారులో దించేసి మరీ వెళ్లేవాడు. బస్తా కబుర్లన్నీ ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఆమె పౌరుషానికి అక్కడే దిగిపోవాలి. దిగబోయింది కూడా. ఇంతలో అందరికన్నా వెనకున్న కుర్రాడు తల తిప్పి, వంకాయల బుట్టను చూసి ఫక్కున నవ్వాడు.

"ఆడు నవ్వుతన్నాడ్రా!" దాలమ్మ సీమోను వీపు మీద ఒక్కటి చరిచింది. "తొక్కు!"

తొక్కాడు. నవ్విన కుర్రాణ్ణి దాటారు. వాడి ముందువాణ్ణి దాటారు. వంకాయలు ట్రంకు రోడ్డంతా దొర్లాయి. దాలమ్మ తిట్లకు జీపు హారను కూడా జడిసి ఊరుకుంది. బజారు మలుపు వచ్చేసరికి వాళ్ల ముందు ఎవరూ లేరు. పందెం తిన్నగా శ్రీకాకుళం వైపు సాగిపోయింది. సీమోను సైకిలు బజారులోకి తిరిగింది.

సగమైన బుట్టను తన చోట దించుకుని, జారిన ముడి బిగించుకుని, దాలమ్మ అతనివైపు గుర్రుగా చూసింది.

"ఒరే, ఆల్లు తిరిగొచ్చేదీ ఈ దారేనేటి?"

"ఈ దారే అత్తా."

"అయితే ఆవేళ సిన్న బుట్ట తెస్తాను. నువ్వు సక్రాల్లో గాలి బాగా కొట్టుకురా."