నీలం దారం గోనె

పక్క క్వార్టర్ మావయ్య పోయారన్న కబురు పవర్ హౌస్ బజారు బస్టాపు నుంచి వచ్చింది. ఆదివారం పొద్దున అక్కడ కూలబడిపోయారట. కబురు తెచ్చిన ఆటో అతనితో, "ఆయన కాదు, మా మావయ్య చెరువు దగ్గర ఉన్నారు" అని వాదించాను. తెల్లవారగానే గాలం స్కూటర్‌కి కట్టుకుని, నా చేత్తో ఇచ్చిన తడి గోనె పట్టుకుని వెళ్ళిన మనిషి. చెరువు అటు, బజారు ఇటు. మందులకి వెళ్ళుంటారులే అన్నారు అందరూ.

ఆయన నాకు చుట్టం కాదు. ఈ హిందీ ఊళ్ళో ఉక్కు ప్లాంటులో రిటైరైన శ్రీకాకుళం మనిషి. మా నాన్న పోయాక నన్ను "అమ్మడూ" అని పిలవడానికి మిగిలింది ఆయనొక్కరే. ఆయన పట్టిన చేపే మా రెండిళ్ళలో ఆదివారం కూర. చాలా ఏళ్ళు నన్నూ వెంట తీసుకెళ్ళేవారు.

పట్టడం కన్నా పట్టాక ఏం చేస్తామన్నదే ఆయనకు ముఖ్యం. మొదటిసారి నాకు పడిన రోహుని నీళ్ళ బకెట్‌లో వేస్తే కసురుకున్నారు. "ఏటమ్మా ఆ పని? అందులో కొట్టుకుని కొట్టుకుని సస్తాది. కండ మెత్తబడిపోద్ది." తల మీద ఒకటే దెబ్బ. వెంటనే మొప్పలు తీసి, నెత్తురు కార్చి, తడి గోనెలో చుట్టి, గాలి తగిలే నీడలో పెట్టాలి. గోనె ఆరకుండా నీళ్ళు చల్లుతుండాలి. పొలుసు ఇంటికొచ్చాకే. ఇంట్లో గోనె విప్పి, "కన్ను సూడు. ఏలెట్టి నొక్కి సూడు. సేప కాడ అబద్ధం సెల్లదు" అనేవారు. ఆ గోనె అంచులు నేనే నీలం దారంతో కుట్టాను. దాన్ని నానబెట్టి ఇవ్వడం కూడా నా పనే.

రెండేళ్ళ కింద ఒక రోజు, "ఇద్దరుంటే సేప రాదమ్మా, నానొక్కణ్ణే ఎల్తాను" అన్నారు. మనసు చివుక్కుమంది. అయినా గోనె నానబెడుతూనే ఉన్నాను, చేప వస్తూనే ఉంది. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ఆయన ముందే గొప్పలు చెప్పేదాన్ని, పవర్ హౌస్ చేప మా నోటికి సయించదని. ఆయన తల వంచుకుని ముళ్ళు ఏరుకునేవారు.

పెద్దకర్మ మర్నాడు నీచు వండాలని మావయ్య భార్య, అత్తయ్య, నన్ను చేపలకి పంపింది. పవర్ హౌస్ బజారులో చేపలమ్మే శ్రీకాకుళం ఆవిడ తొట్టి పక్కన నీలం దారం గోనె మడిచి ఉంది. వెనక గోడకి ఆయన గాలం ఆనించి ఉంది.

"ఇది మా మావయ్యది. నీ దగ్గరకెలా వచ్చింది?"

"పెతి ఆదివారం వచ్చీవోరు దీదీ. మోకాళ్ళు పోనాయి, గట్టు దిగలేను, మా అమ్మడికి తెలీకూడదు అన్నారు. బతికున్న సేప ఏరి, నా సేతే మొప్పలు తీయించి గోనెలో సుట్టీవోరు. ఎంటనే ఎల్తే తెలిసిపోద్దని రెండు గంటలు ఇక్కడే కూకుని నీళ్ళు సల్లుకునీవోరు. ఆ రోజు టీ తాగొస్తానని బస్టాపు కాడికెల్లారు. సాయంత్రం దాకా ఆ సేప అలాగే ఉంచాను."

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. నేను నానబెట్టిన గోనె నాతో ఆడిన అబద్ధానికే పనికొచ్చింది. మోకాళ్ళ నొప్పులంటే చెయ్యి పట్టుకుని దించనా? గట్టు మీద కూచోబెట్టి గాలం నేనే వెయ్యనా? నన్ను ఇంట్లో వదిలేసి, ఎవరో పరాయి మనిషికి అంతా చెప్పుకున్నారు. చేప గురించి నాకు తెలిసిందంతా ఆయన పెట్టిన భిక్షే. అది మరిచిపోను. క్షమించానని మాత్రం ఇప్పుడే రాయలేను.

కొన్న చేపని నేను అడక్కుండానే ఆవిడ ఆ గోనెలో చుట్టి ఇచ్చింది. దారంతా నీళ్ళు చల్లుకుంటూ తెచ్చాను. అత్తయ్య విప్పి, కన్ను చూసింది, వేలెట్టి నొక్కింది.

"అచ్చం మీ మావయ్య తెచ్చిన సేపలాగే ఉందే. బజార్లో ఇలాటిది దొరుకుతాదేటి?"

"బజారుది కాదత్తయ్యా," అన్నాను. "చెరువుదే."

ఆవిడ తలూపి కత్తిపీట ముందేసుకుంది. రెండిళ్ళ మధ్య గోడ మీద ఆరేసిన గోనె నుంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి, సగం మా వైపు, సగం వాళ్ళ వైపు.