పేరంటంలో నా పని

ఆ ఆదివారం మధ్యాహ్నం మా డైనింగ్ టేబుల్ దగ్గర, నోట్లో పెసరట్టు ముక్క ఉండగానే, భార్యను కొట్టే మనిషి చెప్పిన అబద్ధాన్ని నేను నిజమని తేల్చేశాను. కావాలని కాదు, తెలుసనుకుని. అన్నీ తెలుసనుకోవడం నాకున్న జబ్బు.

కెనడాలో, మా మిస్సిసాగా ఊళ్ళో మనవాళ్ళు నన్ను ఇమ్మిగ్రేషన్ అంకుల్ అంటారు. నేను లాయర్ని కాను, రిటైరైన ఇంజనీర్ని. ఎప్పుడో మా ఇమ్మిగ్రేషన్ అప్లికేషన్ నేనే నింపి పంపితే అది తిరిగి రాలేదు. ఆ ఒక్క విజయం మీద ఇన్నేళ్ళు బతికాను. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో ఎవరైనా పక్కన నిలబడి పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినా నేను వీసా గురించి చెప్పేవాణ్ణి.

ఆ దెబ్బలు తినే అమ్మాయి నా భార్యకు గుడి వంటగదిలో పరిచయం. కూరలు తరుగుతూ తన కథ చెప్పుకుంది. భర్త స్పాన్సర్ చేస్తే కిందటేడు పీఆర్ మీద, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండే హక్కుతో వచ్చింది. కొడతాడు. ఆమె జీతం అతని అకౌంట్‌లో పడుతుంది. ఫోన్ రోజూ తీసి చూస్తాడు. పీఆర్ కార్డు అతని బ్యాగులోనే ఉంటుంది. ఆమె మణికట్టు కమిలి ఉండటం నా భార్య కళ్ళారా చూసింది. బయటికి వచ్చేయాలని ఉంది, వస్తే దేశం నుంచి పంపించేస్తారని భయం.

"ఎవరైనా లాయర్ని కనుక్కోండి," అంది నా భార్య.

నేనేం చేశాను? ఇద్దర్నీ టిఫినుకు పిలిచాను. మనలో పెద్దమనిషి అనిపించుకున్నవాడికి ఇంకో వైద్యం రాదు. మొగుడూ పెళ్ళాల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, కడుపునిండా పెట్టి, సర్దుకుపొమ్మని చెప్పి పంపడమే.

అతను రాగానే నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు. మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగాడు. ఇంత మర్యాదస్తుడి మీద ఏవేవో చెబుతారు అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. రెండో పెసరట్టు పడగానే నవ్వుతూ, "మీరే చెప్పండి అంకుల్, మీకు తెలియనిదేముంది! రెండేళ్ళు నాతో ఉండకపోతే పీఆర్ పోద్దా, పోదా? నేనొక మెయిల్ కొడితే చాలు కదా?" అన్నాడు.

మీకు తెలియనిదేముంది అంటే నేను ఏమైనా చెప్పేస్తాను.

"రెండేళ్ళ రూలైతే ఉందమ్మా," అన్నాను ఆ అమ్మాయితో.

"నిజమా అంకుల్? నన్ను పంపిచ్చేస్తరా?"

"అంతదాకా ఎందుకు తెచ్చుకోవడం?"

ఆమె చేతిలోని ముక్క ప్లేటులోకి జారిపోయింది. అతను నాకు అల్లం పచ్చడి వడ్డించాడు.

వాళ్ళు వెళ్ళాక నా భార్య పెనం కడుగుతూ, "ఆ రూలు మీరు ఎప్పుడు చదివారండీ?" అంది.

"అందరికీ తెలిసిందే."

"చదివారా అని అడుగుతున్నాను."

కంప్యూటర్ తెరిచాను. అలాంటి షరతు ఒకప్పుడు ఉన్న మాట నిజమే. దాన్ని ఎత్తేసి ఏళ్ళయింది. అది పోయిన సంగతి తెలియకుండా నేనొక్కణ్ణే దాన్ని ఇన్నాళ్ళూ అమలు చేస్తున్నాను.

మర్నాడు ఉచితంగా సలహా ఇచ్చే లీగల్ క్లినిక్ ఒకదానికి ఫోన్ చేశాను. ఒక లాయరమ్మ మాట్లాడింది.

"పెళ్ళి నిజమైనదే కదా?"

"ఊరు ఊరంతా భోంచేసిందట మేడమ్."

అయితే భయం లేదంది. పీఆర్ వచ్చేశాక భర్తను వదిలి వచ్చినంత మాత్రాన పోదు. అతను ఎన్ని మెయిళ్ళు కొట్టినా రద్దు కాదు. కార్డు అతని దగ్గరున్నా హోదా ఆమెదే, కొత్త కార్డుకు అప్లై చేసుకోవచ్చు. పీఆర్ ఇంకా చేతికి రానివాళ్ళ సంగతి వేరు, స్పాన్సర్ మధ్యలో వెనక్కి తగ్గొచ్చు. అప్పుడు కూడా హింస పడుతున్నవాళ్ళకు ప్రత్యేకంగా తాత్కాలిక పర్మిట్ ఉంది, మానవతా కారణాల మీద అప్లై చేసుకునే దారీ ఉంది.

"ఈ రెండేళ్ళ మాట ఆమెకు ఎవరు చెప్పారు?" అని అడిగింది.

"కమ్యూనిటీలో ఒకాయన," అన్నాను.

"ఆయన్ని ఇక సలహాలు ఇవ్వొద్దనండి."

"తప్పకుండా చెప్తాను మేడమ్."

ఇదంతా ఆ అమ్మాయికి ఎలా చేరవేయడం? ఫోన్ అతను చూస్తాడు. ఎక్కడికి వెళ్ళినా తనే దింపుతాడు.

"శుక్రవారం పేరంటం పెడతాను," అంది నా భార్య.

"ఇప్పుడు ఏం నోముంది?"

"మగాళ్ళు ఎప్పుడైనా అడిగారా? ఇన్నేళ్ళలో మీరు అడిగారా?"

అడగలేదు. అతనూ అడగలేదు. "మీ ఆవిణ్ణి తాంబూలానికి పంపాలి బాబూ," అని పెద్దావిడ పిలిస్తే కాదనలేడు, పేరంటంలో కూర్చోనూ లేడు. శుక్రవారం మధ్యాహ్నం ఆ అమ్మాయిని పట్టుచీరలో తీసుకొచ్చి దింపాడు. అంతా బాగానే ఉంది. ఇంతలో, "నేను కార్లో వెయిట్ చేస్తా ఆంటీ," అన్నాడు.

నా భార్య నా వైపు చూసింది. పేరంటంలో నాకూ ఒక పని పడింది.

"రా బాబూ, కాఫీ తాగొద్దాం," అన్నాను.

మేడ మీద గదిలో ఆ అమ్మాయి లాయరమ్మతో ఫోన్‌లో మాట్లాడుతుంటే, నేను కాఫీ షాపులో అతని ఎదురుగా కూర్చుని మార్ట్‌గేజ్ అంటే ఏమిటని అడిగాను. అప్పు చేసి రెండు ఇళ్ళు కొన్నవాణ్ణి. అతను ఓపిగ్గా వివరించాడు. బేస్‌మెంట్ అద్దెకివ్వడం గురించి కూడా వివరించాడు. మూడు కాఫీలు తాగాను. నా వయసులో అది చిన్న త్యాగం కాదు. బాత్రూమ్ తలుపు ఎదురుగానే కనిపిస్తోంది, నేను లేస్తే అతనూ లేచిపోతాడు.

చివరికి ఫోన్ మోగింది. "పెరుగు తేనక్కర్లేదండీ," అంది నా భార్య. ఆ అమ్మాయి వచ్చేయడానికి నిశ్చయించుకుంటే, ఆమెను ఆడవాళ్ళ షెల్టర్‌లో దింపి ఇంటికి వచ్చాక చెప్పాలని మేం ముందే అనుకున్న మాట అది.

"ఆదివారం నేను చెప్పింది తప్పు బాబూ," అన్నాను. "ఆ రూలు ఇప్పుడు లేదు. నీ మెయిల్‌తో ఏమీ కాదు."

"ఇప్పుడెందుకు అంకుల్ ఆ టాపిక్?" అన్నాడు నవ్వుతూ. తర్వాత నవ్వు ఆగింది. కుర్చీ తోసేసి కారు వైపు పరుగెత్తాడు. నేను వెంటనే నా భార్యకు ఫోన్ చేసి తలుపు తీయొద్దని చెప్పి, ఆ తర్వాత బాత్రూమ్ వైపు పరుగెత్తాను.

అతను మా తలుపు బాదాడట. "పేరంటం అయిపోయింది బాబూ, ఇంకాసేపుంటే పోలీసులు కూడా తాంబూలానికి వస్తారు," అని నా భార్య లోపలి నుంచే చెప్పిందట. వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు కొత్త నంబరు నుంచి ఆ అమ్మాయి ఫోన్ చేసింది. చిన్న గది దొరికిందని, జీతం తన అకౌంట్‌లోనే పడుతోందని చెప్పింది. నేను క్షమించమని అడిగాను. ఫర్వాలేదని అనలేదు.

"గా రెండేళ్ళ మాట ఇంకెవ్వరికన్న చెప్పిన్రా అంకుల్?" అంది.

గుర్తున్నవాళ్ళందరికీ ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. చాలామంది నవ్వేశారు, తాము ఎప్పుడూ నమ్మలేదన్నారు. పక్కనున్న ఏజాక్స్ ఊళ్ళో ఒకామె మాత్రం నవ్వలేదు. కిందటి వేసవిలో పాట్‌లక్‌లో అడిగింది, తన స్నేహితురాలి కోసమని.

"నేను చెప్పింది తప్పమ్మా. పీఆర్ ఉంటే పోదు," అన్నాను.

అవతల తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆ లాయర్ నంబర్ చెప్పండి అంకుల్. రాసుకోలేను, గుర్తుపెట్టుకుంటా," అంది.

ఒక్కొక్క అంకే నెమ్మదిగా చెప్పాను. ఆమె తిరిగి అప్పగించింది. ఒకచోట తప్పు వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.