హార్మోనియానికి నచ్చిన టైర్లు

ఆ రోజుల్లో నంద్యాలలో ఒక కుర్రాడు సైకిలు కొన్నాడంటే, అది అతనొక్కడిదే అనుకోవడానికి వీల్లేదు. తొక్కేది అతనే, గాలి కొట్టించుకునేది అతనే. కానీ అది ఎక్కడికి పోవాలో, ఏ సరుకు మోయాలో చెప్పే అధికారం మాత్రం బంధువులందరికీ సమానంగా ఉండేది. డెబ్భైల చివర్లో నేను ఒక నూనె మిల్లులో గుమాస్తాగా చేరిన కొత్తలో పాత సైకిలు ఒకటి కొన్నాను. ఫ్రేము గట్టిది, బెల్లు బాగా మోగేది, బ్రేకులు వాటికి బుద్ధి పుట్టినప్పుడు పడేవి. టైర్లు మాత్రం పూర్తిగా నున్నబడి, అక్కడక్కడ లోపలి నూలుపోగులు బయటపడి, చూసినవాళ్లకు జాలి కలిగించేవి. మార్చాలి, మార్చాలి అనుకుంటూనే కాలం గడిపాను (కొత్త ఉద్యోగంలో మనిషి అనుకునేవన్నీ అట్లాగే గడిచిపోతాయి). మార్చక తప్పని పరిస్థితి మా పెద్దత్త వల్ల వచ్చింది.

మా నాయనకు ఇద్దరు చెల్లెళ్లు. పెద్దత్త నంద్యాలలో, చిన్నత్త ఆళ్లగడ్డలో కాపురం. మా తాత పల్లెటూళ్లో బడిపంతులు, ఆదివారం నాడు అక్కడే బైబిలు వాక్యం చెప్పేవాడు. ఆయన దగ్గర ఒక హార్మోనియం ఉండేది. కూతుళ్లిద్దరినీ చెరో పక్క కూర్చోబెట్టుకుని దాని మీదే పాటలు నేర్పాడు. తాత పోయాక పెద్దత్త ఆ పెట్టెను నంద్యాలకు తెచ్చుకుంది. "గుళ్లో వాయించేది నేనే కదా, నా దగ్గరుంటేనే న్యాయం" అన్నది ఆమె వాదన. "నేను మాత్రం చేతుల్లేకుండా పుట్టినానా?" అన్నది చిన్నత్త వాదన. అప్పటినుంచి అక్కచెల్లెళ్లకు మాటల్లేవు. ఒకే పందిట్లో కూర్చున్నా మధ్యలో నన్ను కూర్చోబెట్టుకుని "మీ అత్తను అన్నం తినమను", "మీ అత్తకు ఆకలి లేదని చెప్పు" అనుకునేవాళ్లు. ఏ అత్త ఏ అత్తను గురించి అంటోందో తెలియక నేను చాలాసార్లు రెండు విస్తళ్లూ ముందేసుకుని తినేసేవాణ్ణి.

అట్లాంటిది చిన్నత్త కూతురికి పెళ్లి కుదిరింది. నేను మిల్లు పని మీద ఆళ్లగడ్డ పోయినప్పుడు చిన్నత్త నన్ను గడప దగ్గరే నిలబెట్టి చెప్పింది. "మీ పెద్దత్తను రమ్మను. ఒట్టి చేతుల్తో కాదు, నాయన పెట్టెతో రమ్మను. నా బిడ్డ పెండ్లిలో అదే మోగల్ల." ఆ మాటను నేను నంద్యాలలో ఉన్నదున్నట్టు అప్పజెప్పాను. పెద్దత్త బియ్యంలో రాళ్లేరుతోంది. చాలాసేపు ఏరుతూనే ఉంది. చివరికి చేట పక్కన పెట్టి "పోదాం" అంది.

పోవడం సరే, పెట్టె ఎట్లా పోవాలి? బస్సు కండక్టరును అడిగితే "లోపల పెట్టేదానికి లేదమ్మా, టాపు మీదికి ఎక్కించు" అన్నాడు. "మా నాయన పెట్టెను టాపు మీద మేకల పక్కన పడేస్తావా?" అని పెద్దత్త బస్సు దిగి వచ్చేసింది. ఎద్దుల బండి అంటే మామ (పెద్దత్త మొగుడు, రైల్వేలో పనిచేసి రిటైరైనవాడు) ఒప్పుకోలేదు. "బండి కుదుపుకు మనుషుల పండ్లే ఊడతాయి, హార్మోనియం మెట్లు నిలుస్తాయా?" అన్నాడు. అప్పుడు ఇద్దరూ ఒకేసారి తలతిప్పి, గోడకు ఆనించి ఉన్న నా సైకిలు వంక చూశారు.

సైకిలు బాగానే ఉంది, టైర్లు మార్చాలి అన్నారు. మెత్తగా ఉండాలి, పెట్టె అదరకూడదు. గట్టిగా ఉండాలి, దోవలో తుమ్మముళ్లకు, కంకర రాళ్లకు పగలకూడదు. ఇంత చిన్న కోరికతో మేం ముగ్గురం బజారులో సైకిలు సామాన్లమ్మే శెట్టి దుకాణానికి పోయాం.

"మెత్తంది కావల్లా, మన్నేది కావల్లా?" అన్నాడు శెట్టి.

"రెండూ" అన్నాను.

"రెండూ కావల్లంటే కారు కొనుక్కో అప్పా" అని, అయినా బేరం పోగొట్టుకోవడం ఇష్టంలేక పైనుంచి టైర్లు దించడం మొదలుపెట్టాడు. సన్న గీతల టైరు ఒకటి, తేలిగ్గా పోతుందట, కానీ ప్రతి రాయినీ మనకు పరిచయం చేస్తుందట. పాలవాళ్లు, మూటలు మోసేవాళ్లు వేసుకునే లావు టైరు ఒకటి, పైన పండ్లు పండ్లుగా ఉంది. ఏళ్ల తరబడి అరగదు, తొక్కేవాడే అరుగుతాడట. మూడోది వెడల్పుగా, పక్కలు మెత్తగా, పట్టుకుంటే పిల్లాడి బుగ్గలా ఉంది. దాన్ని గురించి మాత్రం శెట్టి "మంచిదే" అని ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం చూసి నాకు భయం వేసింది.

మామ ఒక్కో టైరూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "ఇది ఎండకు పగులుతాది. ఇది ముల్లుకు ఆగదు. దీంట్లో అసలు రబ్బరే లేదు."

"రబ్బరు లేకుంటే ఏముండాది, సంగటా?" అని శెట్టికి కోపం వచ్చింది.

పెద్దత్త ఇద్దర్నీ పట్టించుకోకుండా ఆ మెత్తటి టైరును బొటనవేలితో నొక్కి చూస్తోంది, వంకాయలు ఏరినంత శ్రద్ధగా. "ఏమప్పా, దీని మీద పోతే పెట్టె అదురుతాదా?"

"పెట్టెలో ఏముందమ్మా?"

"మా నాయన" అంది పెద్దత్త.

శెట్టి చేతిలో టైరు కింద పెట్టేశాడు. రెండు చేతులూ జోడించాడు. "ఎప్పుడు పోయినాడమ్మా?" అని గొంతు తగ్గించి అడిగాడు. మామ కలగజేసుకుని అది హార్మోనియమని చెప్పేలోగా, శెట్టి మా కోసమని లోపలి గదినుంచి ఇంకో రెండు రకాలు తెప్పించాడు. ఇప్పుడు ఐదు టైర్లయ్యాయి. నాకు ఏది ఏదో తెలియడం మానేసింది.

చివరికి మిగతావి పక్కన పెట్టి, ఒకటి మెత్తది, ఒకటి లావుది కొన్నాం. అంతటితో తగవు తీరిందనుకున్నాను. అది ఇంటి దగ్గర మొదలైంది. "బరువు ఎనక ఉంటాది, కాబట్టి గట్టి టైరు ఎనక ఏయి" అన్నాడు మామ. "పెట్టె ఎనక ఉంటాది, కాబట్టి మెత్తది ఎనక ఏయి" అంది అత్త. ఇద్దరిదీ న్యాయంగానే తోచింది. ఒకసారి అట్లా వేయించాను, ఒకసారి ఇట్లా వేయించాను. పరీక్ష చేద్దామని అత్త క్యారియరు మీద నీళ్ల బిందె కట్టించింది. గుడి దగ్గరనుంచి రైలు గేటు దాకా పోయి వచ్చాను. ఏ టైరు వెనక ఉన్నప్పుడు ఎక్కువ నీళ్లు ఒలికాయో తేల్చడానికి మామ బిందెలోకి చూశాడు, అత్త నా ప్యాంటు వైపు చూసింది. ఇద్దరి లెక్కలూ కలవలేదు. నాకు మాత్రం అట్లా పోయినా ఇట్లా పోయినా ఒకే తీరుగా చలేసింది. ఆఖరికి గట్టిది వెనకా, మెత్తది ముందూ ఉన్నప్పుడు పెళ్లి రోజు దగ్గరపడింది కాబట్టి, అట్లాగే ఉండిపోయింది.

పెళ్లికి ముందురోజు పొద్దున్నే బయలుదేరాం. హార్మోనియాన్ని రెండు బొంతల్లో చుట్టి క్యారియరుకు కట్టాం. మామ తన సైకిలు మీద, గాలిపంపు భుజానికి తగిలించుకుని నా వెనకే వచ్చాడు. పెద్దత్త బస్సులో వచ్చి ఆళ్లగడ్డలో కలవాలి. ఎడమపక్క నల్లమల కొండలు నీలంగా కనిపిస్తున్నాయి, చల్లగాలి వీస్తోంది, అంతా బాగానే ఉంది. కానీ ఆ లావు టైరు మడ్‌గార్డుకు రాసుకుని గుర్రుమంటూనే ఉంది. తొక్కుతుంటే ఎవరో నిద్రపోతున్నవాణ్ణి వెనక కట్టుకుని పోతున్నట్టుంది.

శిరివెళ్లలో టీ కోసం ఆగితే, అంగడి ముందు బెంచీ మీద పెద్దత్త కూర్చుని ఉంది. పెట్టె ఎట్లుందోనని ఉండబట్టలేక బస్సు మధ్యలోనే దిగేసిందట.

లేచి వస్తూనే వెనక టైరు నొక్కింది. "ఏందిరా ఇది? రాయి లెక్క ఉండాది! గాలి దించు."

"దించితే రిమ్ము సొట్టపోతాది" అన్నాడు మామ.

"పోతే రిమ్మే కదా పోయేది!" అని ఆమే స్వయంగా గాలి తీసేసింది. తర్వాతి బస్సు వచ్చింది, ఎక్కిపోయింది. బస్సు మలుపు తిరగగానే మామ పంపు తీసి గాలి మళ్లీ కొట్టాడు. "అడిగితే దించిందే ఉండాదని చెప్పు" అన్నాడు. కొంతదూరం పోయాక ఆయనకే అనుమానం వచ్చి, "మరీ ఎక్కువైందేమోరా" అని కాస్త తీశాడు. ఇంకొంత దూరం పోయాక అది తక్కువైందనిపించింది. ఆ దోవ పొడుగునా ఆ టైరు ఊపిరి పీలుస్తూ, వదులుతూ పోయింది. ఒక్క పంచరు కూడా పడలేదు. ఎందుకు పడలేదో నాకు తెలియదు. గట్టి టైరు గొప్పతనమా, మెత్తటి టైరు గొప్పతనమా, ముళ్లకు మమ్మల్ని చూసి జాలి వేసిందా, ఏదీ చెప్పలేను.

ఎండ దిగే వేళకు చిన్నత్త ఇంటి ముందు దిగాం. పెద్దత్త అప్పటికే అరుగు మీద ఒక కొసన కూర్చుని ఉంది, చిన్నత్త ఇంకో కొసన నిలబడి ఉంది. పెట్టెను మధ్యలో పెట్టాను. బొంతలు విప్పితే ఒక్క గీత కూడా పడలేదు. చిన్నత్త వంగి మూత తెరిచి, మెట్ల మీద చేత్తో నిమిరింది. గాలి తిత్తి ఒకసారి ఊపింది.

ఏ మెట్టూ నొక్కకుండానే పెట్టె "ఙీ..." అని ఒకటే స్వరం మోగింది. ఆపకుండా మోగింది.

రేపు పెళ్లి. "గాలి ఎక్కువ కొట్టినావు!" అని పెద్దత్త మామ మీదికి పోయింది. "నువ్వు దించబట్టే!" అని మామ. చిన్నత్త ఆ పెట్టె దగ్గర చెవి పెట్టి వింటూ కూర్చుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా, తర్వాత కొంగు అడ్డం పెట్టుకుని.

"ఇది నాయన ఉన్నప్పటి రోగం కదక్కా! నువ్వు వాయిస్తాంటే పక్కన కూచోని కొట్టేదాన్ని నేను. మర్చిపోయినావా?" అంటూ పెట్టె పక్కన అరచేత్తో ఒక్కటి వేసింది. మోత ఆగింది.

"మర్చిపోలా" అంది పెద్దత్త. "నంద్యాల్లో కొట్టేవాళ్లు లేక, నేనే మోకాలితో పొడుస్తాండా."

అది అన్నేళ్లకు వాళ్లిద్దరూ నేరుగా ఒకరితో ఒకరు ఆడుకున్న మాట. మధ్యలో నేను లేను. నాకు పనిలేకుండా పోయినట్టనిపించి, పోయి మొహం కడుక్కున్నాను.

పెళ్లిలో పెద్దత్త వాయించింది, చిన్నత్త పక్కన కూర్చుని ఆ స్వరం ఆగకుండా మోగినప్పుడల్లా అరచేత్తో కొట్టింది. పాట మధ్యలో ఆ దెబ్బలు తాళం అనుకుని పెళ్లికొడుకు తరఫువాళ్లు తల ఊపారు. మర్నాడు తిరుగు ప్రయాణానికి నేను బొంతలు పట్టుకుని పెట్టె చుట్టబోతుంటే పెద్దత్త అడ్డం వచ్చింది.

"వద్దులేరా. ఆ టైర్ల మీద మళ్లా ఎక్కించేది లేదు. ఏం టైర్లో ఏమో, పెట్టెంతా కదిలిపోయె. ఈడే ఉండనీ."

నాకు ఒళ్లు మండింది. "ఏం కదిలింది అత్తా? ఒక్క దెబ్బ తగల్లేదు! టైర్లు బ్రహ్మాండంగా ఉండాయి, కావల్లంటే చిన్నత్తను అడుగు!" అన్నాను. చిన్నత్త లోపలికి పోయింది. మామ నా కాలు తొక్కాడు. "మామా, నువ్వైనా చెప్పు, గాలి సరిగ్గానే..." అన్నాను. ఇంకా గట్టిగా తొక్కాడు. పెద్దత్త ఒట్టి చేతులతో బస్సెక్కింది. కిటికీలోంచి చెల్లెలికి చెయ్యి ఊపింది.

ఖాళీ క్యారియరుతో తిరిగి వస్తుంటే ఆ లావు టైరు రాయిలా బిగుసుకుని, ప్రతి గుంటకూ నన్ను ఎగరేసింది. ఒళ్లు హూనమైంది. అయినా నంద్యాల దాకా మామతో టైర్ల తరఫున వాదిస్తూనే వచ్చాను. ఆయన "ఊఁ" అంటూ తొక్కాడు. తర్వాత చాలా ఏళ్లు, ఎవరైనా ఆ పెళ్లి మాటెత్తితే, మంచి టైర్లకు అన్యాయంగా చెడ్డపేరు వచ్చిందని నేను మధ్యలో దూరి చెప్పేవాణ్ణి. వినేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు.

అత్తలిద్దరూ, మామా పోయాక, ఒకనాడు పొద్దున గడ్డం గీసుకుంటుంటే ఆ రోజు పెద్దత్త టైర్లను ఎందుకు తిట్టిందో ఉన్నట్టుండి నాకు తట్టింది. బ్లేడు చెంప మీదే ఆగిపోయింది. ఎంత ఆలస్యంగా తట్టిందంటే, అప్పటికి చెప్పుకుని నవ్వడానికి ఎవరూ మిగల్లేదు. ఎర్రటి ఎండలో, శిరివెళ్ల దోవన, మొహం కందగడ్డ చేసుకుని తన టైర్ల పరువు కోసం పోట్లాడుతూ సైకిలు తొక్కుతున్న ఆ కుర్రవాడు కనిపించాడు. పిలిచి చెప్పాలనిపించింది. మళ్లీ వద్దులే అనుకున్నాను. అంత పట్టుదలగా తొక్కుతున్నాడు, పోనీ.