మూలలంటే గిట్టని మామగారు

మామగారికి మూలలంటే గిట్టదు. చెక్కదైనా అట్టదైనా, రెండు అంచులు కలిసేచోట మొన తేలి కనిపించిందంటే ఆయన చేతులు ఊరుకోవు. కొత్త సబ్బు విప్పితే ముందు దాని మూలలన్నీ బొటనవేలితో అరగదీసి, ఆ తరువాతే మొహం కడుక్కుంటారు. గోడ క్యాలెండర్‌ని కూడా వదల్లేదు. కాగితాల మూలలన్నీ కత్తెరతో గుండ్రంగా కత్తిరించేశారు. ఆ కత్తిరింపులో కొన్ని నెలల చివరి తారీకులు ఎగిరిపోయాయి. ఇదేమిటని కోడలు అడిగితే, నెలాఖర్లో ఎవరికి మాత్రం ఏం పనుంటుందమ్మా అన్నారు.

దీనికి ఆయన చెప్పే కారణం ఒక్కటే. ఆయన ఉద్యోగమంతా సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. "బస్సు ఏ మలుపులోనైనా గుండ్రంగానే తిరుగుతుంది. మొన తేలినట్టు తిరిగిన బస్సుని నేనింతవరకూ చూడలేదు" అనేవారు. ఈ వాదనకి ఎదురు చెప్పడం ఎవరివల్లా కాలేదు. సబ్బుకీ బస్సుకీ సంబంధమేమిటో తెలిస్తే కదా ఎదురు చెప్పడానికి.

ఈ పిచ్చికి విత్తనం వేసింది తానేనని కోడలి బాధ. ఆమె వంటింటి అల్మారాలు తయారుచేసే కంపెనీలో కంప్యూటర్ మీద డిజైన్లు గీస్తుంది. మామగారు రిటైరైన కొత్తలో, మూతపడుతున్న ఒక వర్క్‌షాపు నుంచి చిన్న సీఎన్‌సీ మిషన్ కొనుక్కొచ్చి కారు షెడ్డులో పెట్టారు. కంప్యూటర్లో గీసి ఇచ్చిన ఆకారాన్ని, గిర్రున తిరిగే బిట్టుతో చెక్కలో తనంతట తానే చెక్కే మిషన్ అది. తెచ్చిన రోజున దాన్ని గుడ్డతో తుడిచి, స్విచ్ వేసి, చేతులు కట్టుకుని దాని ఎదురుగా నిలబడ్డారు. అది కదల్లేదు.

"ఏం చెయ్యాలో దానికి మనం చెప్పాలి మామయ్యా" అంది కోడలు.

"ఎలా చెబుతాం?"

"డ్రాయింగ్ గీసి."

ఆయన వెంటనే జేబులోంచి పెన్సిలు తీశారు.

అలా ఆదివారం పాఠాలు మొదలయ్యాయి. మౌస్‌ని ఆయన రెండు చేతులతో పట్టుకునేవారు. గీతని కుడివైపు లాగమంటే గీతతో పాటు మనిషి కూడా కుడివైపు ఒరిగిపోయేవారు. తప్పు గీసినప్పుడు వెనక్కి తీసుకునే బటన్ ఒకటుందని చూపించిన రోజున మాత్రం ఆయన దాన్ని పదేపదే నొక్కి చూశారు. రివర్స్ గేరు ఇంత మెత్తగా పడడం తన సర్వీసులో ఎప్పుడూ ఎరగనన్నారు.

మొట్టమొదట భార్యకి టీ ట్రే చేసి ఇస్తానని ప్రకటించారు. వారమంతా కూర్చుని గీశారు. అయితే ఆయన అంగుళాలనుకుని వేసిన అంకెల్ని మిషన్ మిల్లీమీటర్లనుకుంది. అందరూ షెడ్డులో గుమిగూడి చూస్తుండగా అది ఒక్కసారి చిన్నగా గుర్రుమని, పనైపోయినట్టు ఆగిపోయింది. అంత పెద్ద చెక్క నడిమధ్యన గోరంత ట్రే ఉంది. అత్తగారు దాన్ని అరచేతిలో పెట్టుకుని, ముక్కు దగ్గరికి తెచ్చుకుని మరీ చూశారు.

"బాగుందండీ. చీమలెప్పుడైనా మనింటికొస్తే ఇందులో టీ ఇద్దాం."

అత్తగారి సంగతి కూడా చెప్పాలి. ఆవిడ ముందు గదిలో కుట్టుమిషన్ వేసుకుని వీధి మొత్తానికీ బట్టలు కుట్టే మనిషి. మెడలో టేపు, నోట్లో మాట, రెండూ ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. సూదితోనే బతుకు గడిపినా, డాక్టరు చేతిలో సూది కనిపిస్తే మాత్రం ఆవిడకి కాళ్లూ చేతులూ ఆడవు. ఒకసారి పంటి డాక్టరు దగ్గర పేరు పిలిచేలోపు మాయమై, రోడ్డు మీదికొచ్చి కనిపించిన బస్సెక్కేశారు. ఆ బస్సు నడుపుతున్నది మామగారే. ఆయన వెనక్కి తిరిగి, టికెట్టు తీసుకున్నావా అని మాత్రం అడిగారట.

ఇక ఫిల్లెట్ పాఠం. మొన తేలిన మూలని ఎంచుకుని ఒక అంకె వేస్తే, తెర మీద ఆ మూల మెత్తగా గుండ్రం తిరిగిపోతుంది. దానికి ఫిల్లెట్ అని పేరు. మామగారు కుర్చీని తెరకి దగ్గరగా జరుపుకున్నారు. ఇది ఇంట్లో సామానుకి కూడా చెయ్యొచ్చా అని అడిగారు. కోడలు శిష్యుడి ఉత్సాహానికి ముచ్చటపడి, ఎందుకు చెయ్యకూడదు మామయ్యా అనేసింది.

మర్నాడే వంటింటి స్టూలుకి ఒక మూల పోయింది. ఆ తరువాత అల్మారా తలుపుకి, చెప్పుల అరకి, పుస్తకాల బీరువాకి. చిన్న సామానైతే ఊడదీసి మిషన్ మీద పెట్టేవారు. పెద్దదైతే ఆ మూలని రంపంతో కోసేసి, మిషన్ మీద చెక్కిన గుండ్రటి ముక్కని అక్కడ అతికించేవారు. కోడలు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంట్లో ఏదో ఒకటి ఊడి ఉండేది. మీ నాన్నగారు ఇల్లు పీకి పందిరేస్తున్నారని భర్తకి ఫోన్ చేస్తే, అతను "బస్సు సంగతి చెప్పారా?" అని అడిగి, చెప్పారంటే నవ్వి పెట్టేసేవాడు.

ఇంతకన్నా విడ్డూరం ఇంకొకటుంది. సబ్బుకీ క్యాలెండర్‌కీ అన్ని మూలలూ తీసే మనిషి, చెక్క సామాను దగ్గరికొచ్చేసరికి ఒక్కో దానికి ఒక్క మూలే తీసి వదిలేసేవారు. ఒకవైపు చేసింది రెండోవైపు కూడా అచ్చుగుద్దినట్టు వచ్చే బటన్ ఉందని కోడలు చెప్పింది. ఓపిగ్గా మళ్లీ మళ్లీ నేర్పింది. ఆయన శ్రద్ధగా తలూపి విని, వెళ్లి మళ్లీ ఒక్క మూలే చేసి వచ్చేవారు. తనకి పాఠం చెప్పడం చేతకాదేమోనని ఆమెకి దిగులు పట్టుకుంది.

ఇవన్నీ అత్తగారు సణుక్కుంటూనే భరించారు గానీ, తన కుట్టుమిషన్ బల్లకి మూల ఎగిరిపోయిన రోజున ఇల్లు దద్దరిల్లింది. ఇంకొక్క మూల ముట్టుకుంటే షెడ్డులో మిషన్ ఈ ఇంట్లో ఉండదన్నారు. అది ఉత్త బెదిరింపు కాదు. వీధి చివర షాపులకి బోర్డులు చేసే అతను, అక్షరాలు చెక్కుకోవడానికి ఆ మిషన్ తనకి అమ్మమని అప్పటికే అడిగి ఉన్నాడు. అతని నంబరు అత్తగారి దగ్గరుంది. మామగారు తల దించుకుని సరేనన్నారు.

కోడలికి మనసు చివుక్కుమంది. రిటైరైన కొత్తలో ఆయన పొద్దున్నే తయారై, ఎక్కడికెళ్లాలో తోచక గుమ్మంలో నిలబడి వచ్చే పోయే బస్సుల్ని చూస్తుండేవారు. మిషన్ వచ్చాకే మళ్లీ ఈల వేస్తూ స్నానానికి వెళ్తున్నారు. అది పోతే ఆయన మళ్లీ ఆ గుమ్మంలోకే వస్తారని ఆమె బెంగ.

సరిగ్గా ఆ వారమే కోడలూ భర్తా ఎన్నాళ్లుగానో మోజుపడ్డ భోజనాల బల్ల ఇంటికొచ్చింది. నల్లటి చెక్క, కోసినట్టుండే అంచులు. హాల్లో దాని ఒక కొసని గోడకి ఆనించారు. రెండో కొస వంటింటి నుంచి ముందు గదికి వెళ్లే దారి పక్కకి వచ్చింది. దాన్ని చూడగానే మామగారి మొహం, మలుపులో అడ్డంగా ఆపిన లారీని చూసినట్టయింది.

మూల ముట్టుకోనని మాటిచ్చారు, నిజమే. మొదటిరోజు దాని మీద తువ్వాలు ఆరేశారు. అత్తగారు తీసేశారు. రెండోరోజు పాత రబ్బరు చెప్పు కోసి దానికి తొడిగారు. భోజనాల బల్లకి చెప్పేమిటని అత్తగారు దాన్ని వీధిలోకి విసిరారు. ఇక ఇది పనికాదని ఆయనే వెళ్లి ఆ మూల దగ్గర నిలబడడం మొదలుపెట్టారు. టీ అక్కడే, పేపరూ అక్కడే. కూర్చోండి మామయ్యా అని కోడలంటే, ఉద్యోగమంతా కూర్చునే చేశాను కదమ్మా అనేవారు.

ఒకరోజు ఆయన చెక్క కొనుక్కురావడానికి బజారుకెళ్లారు. కోడలు ఇంట్లోనే ఒక పక్కన లాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకుంటోంది. అత్తగారు వంటింట్లోంచి ముందు గదికి విసవిసా నడుస్తూ, ఆ బల్ల మూలకి ఎడమ తుంటి ఎముక ఠపీమని కొట్టుకున్నారు. ఆ దెబ్బకి మరొకరైతే కేక పెట్టేవారు. ఆవిడ పెదవి బిగించి, ఎవరైనా చూశారేమోనని ఇటూ అటూ తల తిప్పి, గబగబా రుద్దుకుని వెళ్లిపోయారు. ఎడమపక్కన ఉన్న కోడలు మాత్రం ఆవిడ కంట పడలేదు.

కోడలు మెల్లగా లేచి, అత్తగారు రోజూ తిరిగే దారిలో నడిచి చూసింది. పడగ్గది నుంచి వంటింటికి, వంటింటి నుంచి కుట్టుమిషన్ దగ్గరికి. చెప్పుల అర, అల్మారా తలుపు, బీరువా, స్టూలు. గుండ్రంగా చేసిన ప్రతి మూలా ఆమె ఎడమచేతికే తగిలింది. అన్నీ సరిగ్గా అత్తగారి నడుము, మోకాళ్ల ఎత్తులో ఉన్నాయి. ఇన్నాళ్లూ తాను పాఠం అర్థంకాని శిష్యుడనుకున్న మనిషి ఏం చేస్తున్నారో ఆమెకి అప్పుడు తెలిసింది.

తలెత్తితే గుమ్మంలో చెక్క పట్టుకుని మామగారు. అంతా చూసినట్టే ఉన్నారు.

"అమ్మాయ్, నీకేం తెలీదు. నాకూ ఏం తెలీదు" అని గుసగుసగా చెప్పి షెడ్డులోకి వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం అత్తగారు కునుకు తీసి లేచేసరికి కొత్త బల్లకి ఒక మూల లేదు.

ఆవిడ తిన్నగా వెళ్లి ఫోన్ చేశారు. బోర్డుల అతను, వీళ్లెక్కడ మనసు మార్చుకుంటారోనని వెంటనే వ్యాన్ వేసుకుని వచ్చేసి, గుమ్మంలో నిలబడ్డాడు. కోడలి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా అయింది. నోరు విప్పితే ఇద్దరి గుట్టూ బయటపడుతుంది, విప్పకపోతే మిషన్ వెళ్లిపోతుంది. బల్ల మాది అత్తయ్యా, మాకేం ఫరవాలేదు అని ఏదో సర్దిచెప్పబోయింది. అత్తగారు వినిపించుకోలేదు.

"పోనీ చేసేవారు సరిగ్గా చేస్తారా అంటే అదీ లేదు. ఒక మూల గుండ్రం, ఒక మూల కత్తి. ఆ రెండోది ఏం పాపం చేసింది?"

"అది నువ్వు ఇటు తిరిగి వచ్చేటప్పుడు కదా తగిలేది. అప్పుడు నీకు కుడివైపుంటుంది. కుడివైపు నీకు బాగానే కనిపిస్తుందిగా" అన్నారు మామగారు.

అన్నాక గానీ ఆయనకి తెలియలేదు, ఏమన్నారో. చెయ్యి గాలిలో వెతికింది, వెనక్కి తీసుకునే బటన్ ఎక్కడైనా ఉందేమోనని. మాటకి ఆ సదుపాయం లేదు.

అత్తగారు కుర్చీలో కూర్చున్నారు.

"ఎప్పట్నించి తెలుసు?"

"ఊరికే కూర్చున్నారుగా అని సూదిలో దారం నన్ను ఎక్కించమన్నావే, అప్పట్నించి. ఎడమకంటికి మసకగా ఉందని అప్పుడే అనుకున్నాను."

"మరి అడగలేదే?"

"అడిగితే డాక్టరు దగ్గరికి పదమనాలి. పదమంటే నువ్వు అన్నం మానేస్తావు. నువ్వంతలా దాచుకుంటుంటే నేనెందుకు బయటపెట్టడం? ఉన్న మూలలు తీసేస్తే సరిపోతుందనుకున్నాను."

"ఆ సబ్బులూ, క్యాలెండరూ?"

"బల్లల మూలలే కోస్తే నీకు అనుమానం రాదూ? అందుకని నాకు పిచ్చి పట్టిందనిపించుకున్నాను. అందరూ తొందరగానే నమ్మేశారు."

కోడలు నవ్వాపుకోలేక వంటింటివైపు తిరిగింది. అత్తగారు బల్లకి గుండ్రం తిరిగిన మూలని చేత్తో తడిమి చూశారు. ఆ తరువాత లేచి, మెడలో టేపు తీసి పక్కన పెట్టి గుమ్మంలోకి వెళ్లారు.

"మిషన్ అమ్మడం లేదు బాబూ. వ్యాన్ ఎలాగూ తెచ్చావు కాబట్టి మమ్మల్ని కంటి ఆస్పత్రి దగ్గర దింపుతావా? ఇప్పుడైతేనే వెళ్తాను. రేపంటే నాకు మళ్లీ భయమేస్తుంది."

వ్యాన్‌లో ఆవిడని మధ్యలో కూర్చోబెట్టి, ఒక పక్క కోడలు, ఒక పక్క మామగారు కూర్చున్నారు. బస్సెక్కి పారిపోయే దారి లేకుండా.

అది శుక్లమే, తీసేస్తే పోతుందని డాక్టరు చెప్పారు. తీసేశారు కూడా. సూది వేసేటప్పుడు ఆవిడ మామగారి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, ఆ తరువాత కొన్నాళ్లు ఆయన మౌస్‌ని ఒక్క చేత్తోనే పట్టుకోవాల్సొచ్చింది. పట్టుకోవలసిన పద్ధతి అదేనని కోడలు సంతోషించింది.

చూపు తేటపడిన రోజున అత్తగారు ఇల్లంతా తిరిగారు. స్టూలు దగ్గర ఆగారు. చెప్పుల అర దగ్గర ఆగారు. కొత్త బల్ల దగ్గర వంగి, కళ్లు రెండూ దగ్గరగా పెట్టి, అతుకు మీద గోరుతో గీసి చూశారు.

"అత్తయ్యా, బాగా కనిపిస్తోందా?" అంది కోడలు ఆశగా.

"శుభ్రంగా కనిపిస్తోంది. ఎలక కొరికినట్టుంది. కుట్టు వంకరపోతే నేనైతే విప్పి మళ్లీ కుడతాను" అని ఆవిడ మామగారివైపు తిరిగారు. "ఇవన్నీ మళ్లీ చెయ్యండి. ఈసారి నేను పక్కన కూర్చుంటాను."

ఆ ఆదివారం కోడలు పాఠం చెప్పడానికి షెడ్డులోకి వెళ్లేసరికి తన కుర్చీలో అత్తగారున్నారు. తెర మీద ఒక మూల గుండ్రం తిరుగుతోంది. ఇంకొంచెం, ఇంకొంచెం అని ఆవిడ చెబుతుంటే, మామగారు ఆవిడతో పాటు అటువైపు ఒరిగిపోతున్నారు. కోడలు చప్పుడు చెయ్యకుండా తలుపు దగ్గరగా వేసి, ముగ్గురికీ టీ పెట్టడానికి వెళ్లింది.