చూడని సెకండాఫ్‌కు నాలుగుంపావు

పాఠకులకు ముందుగా ఒక హెచ్చరిక. ఈ జ్ఞాపకంలో ఒక హృద్రోగి, ఒక దయ్యం, ఒక జూనియర్ ఇంజనీరు ఉన్నారు. ముగ్గురిలో ఒకరికి చివర ఘోరమైన నష్టం జరుగుతుంది. ఆ ఒకరు దయ్యం మాత్రం కాదు.

‘చూసి రమ్మంటే కాల్చి వచ్చాడు’ అని పెద్దలు ఒక కార్యదక్షుణ్ణి మెచ్చుకుంటారు. నేను చూసి రమ్మంటే నిద్రపోయి వచ్చినవాణ్ణి. నిద్రపోవడం నేరం కాదు. వచ్చి నివేదిక సమర్పించడమే నేరం.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. రాయపూర్‌లో వ్యాగన్ల మరమ్మతు కార్ఖానాలో కొత్తగా చేరిన జూనియర్ ఇంజనీరును. మరమ్మతు పూర్తయిన వ్యాగన్ కిందికి దూరి, చక్రాన్ని సుత్తితో తట్టి, బ్రేకు కడ్డీల బిగువు చూసి, పక్కపలక మీద సుద్దతో ‘ఫిట్’ అని రాయడం నా పని. రాయడం వరకే నాది. కాగితం మీద సంతకం వేరొకరిది. ఆ సంతకాధికారం నాకు రావాలంటే మా పెద్దసారు అప్పలస్వామి గారు సిఫార్సు చేయాలి. ఆయన నోట నేను రోజుకు మూడుసార్లు విన్న సూత్రం ఒక్కటే: "కంటితో చూడంది, చేత్తో తట్టంది కాయితమ్మీద రాయకు."

ఆ రోజుల్లో రాయపూర్‌కు తెలుగు సినిమా దానంతట అది వచ్చేది కాదు. మా కార్ఖానా సిబ్బంది ఉండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోని తెలుగువాళ్ళం నెలకొక ఆదివారం ఉదయం ఆటకు ఊళ్ళో ఒక హాలు మాట్లాడుకుని, విశాఖపట్నం నుంచి రీళ్ళ పెట్టెలు తెప్పించుకునేవాళ్ళం. కాలనీ గేటు ముందున్న చాయ్ ఠేలా, అంటే టీ బండి, దగ్గర ఏ సినిమా తేవాలన్న చర్చ జరిగేది. అంతకుముందు నెల మేము తెచ్చిన సినిమా ఎంతటిదంటే, ఇంటర్వెల్‌కు సమోసాల కోసం బయటికి వెళ్ళినవాళ్ళు అటునుంచి అటే ఇళ్ళకు చేరుకున్నారు.

"అయినా నానయితే అయిదుకి నాలుగిస్తాను. హీరో చొక్కాలు ఏక్‌దమ్ అదిరిపోనాయి," అన్నాడు సింహాచలం. అతను ఫిట్టరు, మా సినిమా కమిటీకి కార్యదర్శి.

"చొక్కాలకు నాలుగైతే కథకు ఎంత?" అన్నాను.

"కథ ఎవుడు చూసినాడు యార్?"

నా శాస్త్రీయ హృదయం గాయపడింది. అభిప్రాయానికి ఒక కొలత ఉండవద్దా? ఆ సాయంత్రమే వ్యాగన్ తనిఖీ పత్రాన్ని ఆదర్శంగా పెట్టుకుని ఒక సినిమా తనిఖీ పత్రం తయారుచేశాను. కథ, పాటలు, పోరాటాలు, హాస్యం, కన్నీరు, భయం: ఆరు గడులు. ప్రతి పదిహేను నిమిషాలకూ ఒక్కో గడిలో అయిదుకు ఇంత అని కొలత వేయాలి. చంటిపిల్లలను ఎత్తుకొచ్చే తల్లుల సౌకర్యార్థం ‘భయం’ గడిని ప్రత్యేకంగా ఎర్ర గీతలతో గీశాను. ఆ ఎర్ర గీతల గడిలోనే తర్వాత నన్ను పాతిపెట్టారు.

సింహాచలం పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బాగుంది, ఇంజనీరు సాబ్. అయితే ఈ మాటు నువ్వే వైజాగ్ ఎల్లి, సినిమా చూసి, ఇది నింపి తే. నువ్వు బాగుందంటే తెస్తాం. లేదంటే లేదు. బస్."

వెళ్ళాను. జనరల్ పెట్టెలో రాత్రంతా ఒంటికాలి మీద నిలబడి, అంటే కొంగ తపస్సు చేస్తూ, విశాఖ చేరి, కొత్తగా విడుదలైన ఒక సినిమాకు ఉదయం ఆటలో కూర్చున్నాను. దాని పేరు చెప్పను. తీసినవాళ్ళకూ నాకూ అదే క్షేమం. ఇంటర్వెల్ వరకు ఒక పెద్ద ఇల్లు, ఆ ఇంటినిండా బంధువులు, వాళ్ళందరినీ నవ్వించే వంటమనిషి. గడియారం చూసి పదిహేను నిమిషాలకొకసారి కొలతలు వేశాను. హాస్యం మూడు, మూడుంపావు, మూడున్నర, పావు తక్కువ నాలుగు, అలా పద్ధతిగా పైకి పోతోంది. భయం సున్నా, సున్నా, సున్నా, సున్నా. ఇంటర్వెల్‌లో రెండు పొట్లాల పునుగులు తిన్నాను. లోపలికి వచ్చి చల్లటి గాలిలో కూర్చున్నాను. దీపాలు ఆరాయి.

తర్వాత నాకు వినిపించిన మొదటి సంభాషణ ఇది: "బావూ, కాలెత్తు, ఊడ్చాల."

హాలు ఖాళీ. మళ్ళీ ఆటకు ఉందామంటే తిరుగు బండి తప్పిపోతుంది. మరునాడు ఉదయం డ్యూటీ. బండెక్కి కిటికీ పక్కన కూర్చుని సగం ఖాళీగా ఉన్న పత్రాన్ని చూస్తుంటే భయం వేసింది. నిజం చెబితే కాలనీ నవ్వుతుంది. అప్పుడు నా సాంకేతిక విద్య నాకు చెయ్యి అందించింది. చిత్తుకాగితం మీద మొదటి సగం కొలతలను చుక్కలుగా పెట్టి, వాటిని కలుపుతూ గీత గీసి, ఆ గీతను రెండో సగంలోకి పొడిగించాను. హాస్యం అయిదు దాటిపోయింది. అతిశయోక్తి నాకు గిట్టదు గనుక, తగ్గించి సెకండాఫ్‌కు మొత్తం మీద నాలుగుంపావు వేశాను. ఇక భయం అంటారా, సున్నాను ఎంత దూరం సాగదీసినా సున్నాయే. గణితంలో మార్పు ఉండదు కదా!

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. నాది అతకడం కాదు, వెల్డింగు చేసినట్టు కుదిరింది. అదే ప్రమాదమైంది.

ఠేలా దగ్గర పత్రం చేతులు మారింది. ఎవరో దాన్ని పెద్దసారుకు చూపించారు. మరునాడు ఆయన నన్ను తన గదికి పిలిపించారు. ఎదురుగా బల్ల మీద నా పత్రం. అప్పలస్వామి గారు సినిమాలు చూసే మనిషి కాదు. ఆయన చూపుడువేలు ఎర్ర గీతల గడి మీద ఆగింది.

"ఇది సున్నాయేనా?"

"సున్నాయే సార్."

"మొత్తం సినిమాకా?"

ఇక్కడ, ప్రియమైన పాఠకులారా, నిజం చెప్పడానికి నాకు దాదాపు రెండు సెకన్ల వ్యవధి లభించింది. "మొత్తానికీ సార్," అన్నాను.

"మా అమ్మ గుండెజబ్బుతో ఆస్పత్రి నుంచి వొచ్చి పది రోజులయింది. ఉలికిపాటు తగలకూడదన్నాడు డాక్టరు. ఇంట్లో ఉండి ఉండి ఇసుగెత్తి సినిమా సినిమా అంటోంది. నీ కాయితం చూసినాక ధైర్యమొచ్చింది. ఆదివారం తీసుకొస్తాను. నువ్వు ఆవిడ పక్కన కూకో, ఎక్కడేటొస్తాదో ముందుగా చెప్తుండు." ఆపైన నా జన్మలో మరచిపోలేని మాట అన్నారు. "పతీ పావుగంటకీ కళ్ళు పెట్టి చూసి రాసినావు. ఇలాటోడికే సంతకం ఇవ్వాల. సోమవారం నీ సిఫార్సు మీద దస్కత్ పెడతాను."

గదిలోంచి నడిచి వచ్చానా, దొర్లి వచ్చానా గుర్తులేదు. ఆ సాయంత్రం టెలిఫోన్ బూత్‌కు పరుగెత్తి విశాఖలో ఉన్న మా చిన్నాన్న కొడుకును పట్టుకున్నాను.

"ఒరే, ఆ సినిమా సెకండాఫ్‌లో ఏముందిరా?"

"నాకు తెల్దన్నయ్యా. చూసినోళ్ళెవరూ చెప్పట్లేదు. సెకండాఫ్ గురించి బయట చెప్పొద్దని హాలు గోడ మీద పెద్దక్షరాలతో రాసీసారు. నువ్వు చూసీసినావు గదా, నువ్వే చెప్పు!"

రిసీవరు పెట్టేశాను. గోడల మీద రాసి మరీ దాచవలసిన హాస్యం లోకంలో ఉంటుందా? ఆ రాత్రి నుంచి నాకు అన్నం సయించలేదు. ఒక ముసలావిడ ప్రాణం నేను సాగదీసిన గీత చివర వేలాడుతోంది. ఆ గీత గీసిన పెన్సిలు నాది.

చెప్పేద్దామని రెండుసార్లు పెద్దసారు గది గుమ్మం దాకా వెళ్ళాను. మొదటిసారి, "సార్, అమ్మగారికి హాలులో గాలి ఆడకపోవచ్చు," అన్నాను. "నడవా పక్క సీట్లు పెట్టించినాను," అన్నారు. రెండోసారి, "సార్, సినిమా అంత బాగుండదేమో," అన్నాను. "నాలుగుంపావు అని నువ్వే రాసినావు," అన్నారు. నా రాత నాకే సంకెల అయింది.

చివరి ప్రయత్నంగా రైల్వే ఆస్పత్రి నర్సు ఎస్తేరు అక్క ఇంటికి వెళ్ళాను. వాళ్ళది కాకినాడ.

"అక్కా, ఆదివారం సినిమాకి బీపీ మెషీను తీసుకొస్తారా? పెద్దసారు వాళ్ళమ్మ, ఆ మామ్మగారికి దగ్గరగా కూర్చోవాలి."

"చర్చి ముగించుకుని వస్తాలే. కామెడీ సినిమాకి బీపీ మెషీను ఏంటి తమ్ముడూ?"

"నవ్వి నవ్వి ప్రమాదం రావచ్చని..."

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "ముందు నీ మొహం చూసుకో. పాలిపోయింది."

ఆదివారం హాలు నిండిపోయింది. ఊరి చివర టాటీబంధ్‌లోని లారీ ఆఫీసుల గుమాస్తాలు కూడా కుటుంబాలతో వచ్చారు. మధ్య వరుసలో నడవా పక్కన పెద్దసారు, ఆయన పక్కన వాళ్ళమ్మ సూరమ్మ గారు, ఆ పక్కన నేను, నా పక్కన ఆఖరి పాట సమయానికి ఆయాసపడుతూ వచ్చిన ఎస్తేరు అక్క. ఆఖరి పాట అంటే ఇంటర్వెల్‌కు ముందరి ఆఖరి పాట. అప్పటిదాకా అంతా నవ్వులే. వంటమనిషి నోరు విప్పితే చాలు, సూరమ్మ గారు బోసినోటితో పగలబడి నవ్వుతున్నారు. నేను మాత్రం ఉరికంబం మెట్లు లెక్కపెట్టేవాడిలా గడియారం చూసుకుంటున్నాను.

ఇంటర్వెల్‌లో దీపాలు వెలిగాయి. నా ఆఖరి అస్త్రం తీశాను. "మామ్మగారూ, ఇంక ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకుంటారా? మిగతా కథ దారిలో నేను చెప్తాను."

"సగం అన్నం తినీసి చెయ్యి కడుక్కుంటారేటి నాయినా? కూకో. ఆ సమోసా ఇటియ్యి."

దీపాలు ఆరాయి.

మొదటి పది నిమిషాలు ఏమీ జరగలేదు. అంతకంటే భయంకరమైనది లేదు. తర్వాత, హీరో పెళ్ళాం అటక మీద పాత పెట్టె తెరిచి, ఒక ఫొటోకు పట్టిన దుమ్ము తుడిచింది. దండ వేసిన ఫొటో. అందులో వంటమనిషి. పాతికేళ్ళ క్రితం చనిపోయిన వంటమనిషి. పెళ్ళాం మెల్లగా వెనక్కి తిరిగింది. నేనూ మనసులో ఆమెతోపాటే తిరిగాను. తెరనిండా, పళ్ళన్నీ బయటపెట్టి, అదే నవ్వు.

హాలంతా ఒక్కసారి కేక పెట్టిందని తర్వాత చెప్పుకున్నారు. అది అసత్యం. నేను ముందు అరిచాను. హాలు తర్వాత అరిచింది. మధ్య వ్యవధి సుమారు అర సెకను. నా అరుపు మాత్రం నాలుగు సెకన్లు నిలిచింది. అరుస్తూనే సీటు మీదికి రెండు కాళ్ళూ ఎత్తుకుని, సూరమ్మ గారి చెయ్యిని రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకున్నాను.

అరుపులు సద్దుమణిగాయి. తెర మీద సంగీతం కూడా ఆగింది. ఆ నిశ్శబ్దంలో సూరమ్మ గారి గొంతు హాలు నాలుగు మూలలకూ వినిపించింది.

"ఓరి నాయినా! సినిమా చూసొచ్చినావు గదా, మరి అందరికన్నా ముందు నువ్వెందుకలగ అరిచినావు?"

మూడు వరుసల ముందు నుంచి సింహాచలం తల తిరిగింది. ఆవిడ అటుపక్క నుంచి పెద్దసారు తల కూడా మెల్లగా, వంటమనిషి తిరిగినంత మెల్లగా, నా వైపు తిరిగింది. తెర మీది దయ్యం ఇక నన్ను భయపెట్టలేకపోయింది.

నా జబ్బకు ఏదో బిగుసుకుంది. చూస్తే, బీపీ మెషీను పట్టీ. ఎస్తేరు అక్క బల్బు నొక్కుతోంది.

"అక్కా, నాకు కాదు, మామ్మగారికి..."

"మామ్మగారి నాడి ఇందాకే చూశాను. నా కన్నా బాగుంది. నువ్వు కదలకు. నూట అరవై ఉంది."

సోమవారం ఉదయం. బల్ల మీద రెండు కాగితాలు: నా సినిమా పత్రం, ఇంకా సంతకం పడని నా సిఫార్సు.

"ఎంతవరకు చూసినావు?" అన్నారు అప్పలస్వామి గారు.

"ఇంటర్వెల్ వరకు సార్."

"తరవాత?"

"నిద్ర సార్."

"మరి ఈ నాలుగుంపావు ఎక్కడిది?"

"మొదటి సగం గీతను... పొడిగించాను సార్."

ఆయన రెండు కాగితాలనూ పక్కపక్కన సర్దారు. తిట్టి ఉంటే బతికేవాణ్ణి. చివరికి చాలా మెత్తగా అడిగారు. "యార్డులో ఎన్ని వ్యాగన్లకి గీత పొడిగించినావు?"

"ఒక్కదానికీ లేదు సార్! ఒట్టు!"

"ఒట్టు కాయితమ్మీద ఎక్కడ రాస్తాం? పద."

యార్డులో నేను ‘ఫిట్’ రాసి ఇంకా కదలని వ్యాగన్లన్నిటి కిందికీ మళ్ళీ దూరాను. రాయపూర్ మే నెల ఎండ. ఇనుము అట్ల పెనంలా ఉంది. ప్రతి చక్రాన్నీ తట్టాను. ఆ మోత వింటూ పెద్దసారు పక్కనే నిలబడ్డారు. సాయంత్రానికి అన్నీ సరిగానే తేలాయి. నా బట్టలకు అంటని గ్రీజు కార్ఖానాలో మిగలలేదు.

"నీ చేతిపని మంచిదే. అందుకే తిట్టలేదు," అన్నారాయన. "సంతకం మాత్రం మూడు నెలల తరవాతే. ఆ మాటా ఈ పూట నేనిక్కడ నిలబడి చూసినాను గనక అంటున్నాను." నాలుగడుగులు వేసి ఆగారు. ఆయన ముఖంలో నవ్వు లాంటిది మొట్టమొదటిసారి చూశాను. "మద్దేనం అన్నానికి ఎల్లినపుడు నీ నిద్ర సంగతి చెప్తే, మా అమ్మ ఒక మాట చెప్పమంది. వొచ్చే నెల సినిమా చూసి రాడానికీ నిన్నే పంపాలంట."

"నన్నా సార్? ఎందుకు?"

"దయ్యం కన్నా నువ్వే బాగున్నావంట. ఈసారి ఫస్టాఫ్‌లో కూడా నిద్రపొమ్మంది."

అందువల్ల, సుత్తి సాక్షిగా, ఎస్తేరు అక్క బీపీ మెషీను సాక్షిగా, ఈ దిగువ ప్రతిజ్ఞ చేశాను, నేటికీ తప్పలేదు. కంటితో చూడని సినిమాకు, చేత్తో తట్టని చక్రానికి, నాలుక మీద వేయని కూరకు మార్కులు వేయను. సున్నా అసలే వేయను. ఎవరైనా ఏదైనా సినిమా ఎలా ఉందని అడిగితే, ముందుగా వారి ఇంట్లో గుండెజబ్బు ఎవరికైనా ఉందేమో కనుక్కుని, ఆ తర్వాత, "మీరే చూసి నాకు చెప్పండి," అంటాను.