నంబరు చెప్పి అడగమన్న మేడం

మెట్‌పల్లిలో నాకు కంప్యూటర్ నేర్పిన మేడం పోయారని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. అప్పుడు నేను అత్తతో కలిసి బీడీలు చుడుతున్నాను. అత్త చేట పక్కన పెట్టి, "ఎవరు బిడ్డా?" అని అడిగింది. చెప్పాను. ఆ రోజు ఆమె కూడా మళ్లీ ఆకు ముట్టలేదు.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. మా ఆయన మస్కట్‌లో ఉంటారు. ఆడవాళ్లకు ఫీజు లేకుండా నేర్పుతున్నారని అత్తే నన్ను ఆ సెంటర్‌కు పంపింది. నలుగురిలో నోరు తెరిచి మాట్లాడే అలవాటు నాకు లేదు. మేడం అది మొదటి రోజే గమనించి ఉంటారు, నన్ను పేరు పెట్టి లేపి అడిగేవారు కాదు. పాఠంలో పడితే ఆమె చాయ్ తాగడం మరిచిపోయేవారు. చల్లారిన చాయ్‌నే తర్వాత ఒక్క గుక్కలో తాగేసేవారు.

ఒకరోజు కంప్యూటర్ డబ్బా విప్పి చూపించారు. లెక్క చేసేది ప్రాసెసర్. లెక్కకు కావలసినవన్నీ గదులు గదులుగా ఉండేది మెమరీ. రెండూ వేరువేరు చోట్ల ఉంటాయి. మధ్యలో ఆకుపచ్చ పలక మీద వెంట్రుకల్లాంటి గీతలు. వాటినే బస్సులంటారట. కొన్ని గీతలు ఏ గది కావాలో చెబుతాయి, కొన్ని తేవాలా పెట్టాలా అన్నది చెబుతాయి, మిగిలినవి సరుకు అటూ ఇటూ మోస్తాయి. మా ముఖాలు చూసి మేడం బల్లలు జరిపి ఆట పెట్టారు.

నేను ప్రాసెసర్. గోడ వారగా నిలబడ్డ ఆడవాళ్లు మెమరీ గదులు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో అంకె రాసిన చీటీ. నేను పేరు పిలిచి "తే" అంటే తేవాలి, "పెట్టుకో" అంటే నేనిచ్చింది దాచుకోవాలి. నాకు మొదట కావలసిన చీటీ ఉన్నామెదీ మా అత్తదీ ఒకటే పేరు. అత్త పేరు నేనెలా పలకను? "ఆమె..." అని చేయి చూపించాను. అటువైపున్న ఇద్దరూ ఒకేసారి వచ్చి గుద్దుకున్నారు, చీటీలు కింద పడ్డాయి.

"ఏందక్కా, గా పేరు నీ మొగనిదా? నోట్లకెళ్లి వస్తలేదు," అని ఒకామె అంది. అందరూ నవ్వారు. నేను సంచి తీసుకుని ఇంటికి వచ్చేశాను. ఇక ఆ గడప తొక్కకూడదనుకున్నాను.

మేడం క్లాసుకు వచ్చే మా వాడకట్టామెను అడిగి సంగతి తెలుసుకున్నారట. సాయంత్రం మా ఇంటికి వచ్చి అత్త పక్కన కిందే కూర్చున్నారు.

"తప్పు నాదే, అమ్మా. పేరు పెట్టి పిలువుమన్న. గాడ మీ పేరుగలామె నిలబడ్డది."

"నా పేరు చెప్పకుంటే మీ కంప్యూటర్ నడువదా, మేడం?"

"ఎందుకు నడువది? దానికి పేర్లే తెల్వయి. గదికో నంబరు ఉంటది, అంతే. ఆటల పేర్లు పెట్టింది నేను."

అత్త నవ్వి నా వైపు తిరిగింది. "ఇంకేంది మరి? నంబరుకు గూడ సిగ్గు పడుతవా? పో రేపటి సంది."

మర్నాడు గోడ మీద ఒక్కొక్కరు నిలబడే చోట సుద్దముక్కతో నంబర్లు రాసి ఉన్నాయి. "ఇద్దరు ఒక్కసారి గీత మీదికి వస్తే ఎవరిది అందది. గందుకే ఒక్క నంబరు," అన్నారు మేడం. తర్వాత నా దగ్గరికి వచ్చి మెల్లగా, "గట్టిగ చెప్పకు బిడ్డా. అందేటట్టు చెప్పు, చాలు," అన్నారు. "మూడు, తే," అన్నాను. చీటీ నా చేతికి వచ్చింది. ఇప్పుడు బ్యాంకుకు పోయినా, ఆసుపత్రికి పోయినా, ఎవరిని అడగాలి, ఇవ్వాలా తీసుకోవాలా అని ముందే మనసులో అనుకుని పోతాను. మాట దానంతటదే వస్తుంది.

కొత్త మేడం వచ్చేదాకా క్లాసులో కూర్చోమని సెంటర్ సారు అడిగితే నిన్న వెళ్లాను. నాకు వచ్చినంతే చెప్పాను. చివరన కూర్చున్న కొత్తమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అడిగింది. ఫ్యాన్ చప్పుడులో వినిపించలేదు. ఎవరో నవ్వబోయారు. నేను లేచి ఫ్యాన్ ఆపాను. రెక్కలు తిరగడం మానేదాకా అందరం ఆమె వైపు తిరిగి కూర్చున్నాం.