ఎవరికీ తెలియని జవాబు

మొట్టమొదటి మెయిల్ ఐడీ పెట్టుకునేనాటికి నాకు ఇరవయ్యేళ్ళు. కడపలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. కాలేజీకి ఎదురుగా ఉన్న నెట్ సెంటర్లో, ప్లైవుడ్ చెక్కల మధ్య కూర్చుని, అడిగినవన్నీ బుద్ధిగా నింపాను. పాస్‌వర్డ్ మర్చిపోతే మిమ్మల్ని గుర్తుపట్టడానికి ఒక ప్రశ్న కావాలంది కంప్యూటరు. మీ అమ్మ పుట్టింటి ఇంటిపేరు ఏమిటి? ఇంత సులువైన ప్రశ్న నాకు ఏ పరీక్షలోనూ రాలేదు. సంబరంగా మా మేనమామ ఇంటిపేరు కొట్టాను.

ఆ ప్రశ్న రాసినవాడెవడో గానీ మేనరికాలు తెలియని మనిషి. మాది నేతపని చేసే ఇల్లు. బద్వేలులో సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్న మేనమామ కొడుకుకు నన్నివ్వాలని నేను ఉయ్యాల్లో ఉన్నప్పుడే అనుకున్నారు. అమ్మ పుట్టింటి పేరంటే మా బావ ఇంటిపేరే. మెయిల్ ఐడీ పెట్టుకున్నానని గొప్పగా అతనికి చెప్పిందీ నేనే. తాళం వేసి తాళంచెవి నేనే తీసుకెళ్ళి అతని జేబులో పెట్టినట్టయింది.

ఆ మెయిలు నుంచే, ఇంట్లో చెప్పకుండా, బెంగళూరులో చీరల డిజైను నేర్పే రెండేళ్ళ కోర్సుకు దరఖాస్తు పంపాను. హాస్టలు కూడా వాళ్ళదే. మొదటి జాబితాలో నా పేరుందనీ, ఇంటర్వ్యూ తేదీ మెయిల్లో తెలియజేస్తామనీ జవాబు వచ్చింది. ఆ సాయంత్రం బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోబుద్ధి కాలేదు. కమలాపురం దాటి మా ఊరొచ్చేదాకా నిలబడే వచ్చాను.

తర్వాతి వారం వెళ్తే పాస్‌వర్డ్ తప్పంది. మర్చిపోయాను కాబోలనుకుని, అమ్మ పుట్టింటి పేరు చెప్పి కొత్తది పెట్టుకున్నాను. మరో వారానికి అదీ తప్పే. ఆ ఆదివారం బావ మా ఇంటికొచ్చి, మగ్గం పక్కన మంచం మీద కూర్చుని, మా నాయనతో తీరిగ్గా అన్నాడు.

“ఏం మామా, పాప బెంగళూరు పోతాందంట గదా. మాకెవురికీ చెప్పల్యా?”

నాయన మగ్గం ఆపాడు. పట్టపగలు మా ఇంట్లో మగ్గం ఆగితే, ఎవరికేమైందోనని పక్కింటివాళ్ళు తొంగిచూస్తారు. ఆ రోజూ చూశారు.

“నేత నేర్చుకునేదానికి బెంగళూరెందుకమ్మే? నా గుంతలోకి దిగు, నేనే నేర్పిస్తా,” అన్నాడు నాయన. ఆయన ముఖంలో కోపం కన్నా నొప్పి ఎక్కువ కనిపించింది. ఇరవయ్యేళ్ళలో నన్ను ఒక్కసారి కూడా దిగనివ్వని మగ్గం గుంత అది.

“నా ఉత్తరాలు నువ్వెందుకు చదివినావు?” అని బావ మీద విరుచుకుపడ్డాను.

“ఇంటి మనిషినే గదమ్మే, బయటోన్నా?” అన్నాడతను నిజంగానే ఆశ్చర్యపోతూ. “ఇంటర్వ్యూ తేదీ రానీ, పాప రాదని నేనే రాసేస్తాలే.”

తమాషాకే అన్నాడని ఇప్పుడు నమ్ముతాను. అప్పుడు మాత్రం అన్నంత పనీ చేస్తాడనుకున్నాను. ఆ తేదీ ఏ రోజు వస్తుందో తెలియదు, ముందుగా ఎవరు చూస్తారో తెలియదు. నేను పాస్‌వర్డ్ మార్చడం, అతను మార్చడం, ఇద్దరికీ జవాబు ఒకటే.

నెట్ సెంటర్ నడిపే అక్క దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆమె నవ్వింది. “అది నిజం చెప్పమని అడగడంల్యామ్మా. ముందర నువ్వేం చెప్పినావో అదే మళ్ళా చెప్పమంటాది. పుట్టింటి పేరే రాయాలని యాడుండాది? ఊర్లో ఎవురికీ తెలీని మాట, నువ్వు సచ్చినా మర్చిపోని మాట ఒకటి పెట్టుకో.”

వినడానికి బాగానే ఉంది. దారంతా వెతికాను, అలాంటి మాట నా దగ్గర ఒక్కటీ లేదు. నా ముద్దుపేరు వీధి మొత్తానికి తెలుసు. చదివిన బడి ఊరికొకటే. నాకిష్టమైన కూర ఏదో మా పక్కింటామెకు నాకన్నా ముందే తెలుసు. పోస్టుకార్డు వస్తే నలుగురు చదివాకే మా గడప తొక్కేది. ఇరవయ్యేళ్ళు బతికి, నాకంటూ దాచుకున్న మాట ఒక్కటి లేదని తెలిసి సిగ్గేసింది.

ఇల్లు చేరేసరికి నాయన నేస్తున్నాడు. అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. మగ్గం ఆడుతున్నంతసేపూ మా ఇంట్లో మనిషి మాట మనిషికి వినపడదు. ఆ చప్పుడే మాకు తలుపున్న గది. అమ్మ చెవి దగ్గర నోరు పెట్టి అంతా చెప్పాను. చదువుకోని అమ్మకు మెయిలంటే ఏమిటో తెలియదు గానీ, తాళమంటే తెలుసు.

“నీ అన్న కొడుకే గదమ్మా, నువ్వన్నా చెప్పు వానికి,” అన్నాను.

“వాడు నా అన్న కొడుకు. నువ్వు నా కడుపున పుట్టిన దానివి,” అంది. రెండు కండెలు చుట్టి పక్కన పెట్టి, మళ్ళీ నా చెవి దగ్గరికి వంగింది.

“నీకంటే ముందర ఒక బిడ్డ పుట్టింది, తెలుసు గదా.”

తెలుసు. పదకొండో రోజున పేరు పెట్టాలనుకున్నారు, తొమ్మిదో రోజే పోయింది. పేరు కూడా లేని బిడ్డ గనక ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు.

“పేరు నేను మనసులో పెట్టుకోనుంటి,” అంది అమ్మ. “పాలిచ్చేటప్పుడు, ఎవురూ లేకుంటే, ఆ పేరుతోనే పిల్చేదాన్ని. మీ నాయనకు గూడా చెప్పల్యా. ఎవురికీ తెలీని మాట కావల్లంటివే, నా కాడ అదొకటే ఉండాది.”

చెప్పబోతుండగా పోగు తెగి మగ్గం ఆగింది. అమ్మ నోరు మూసుకుని రాట్నం తిప్పుతూ కూర్చుంది. నాయన పోగు అతికి మళ్ళీ నేయడం మొదలుపెట్టాక నా చెవిలో ఆ పేరు చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను. ఎన్ని అక్షరాలో కూడా చెప్పను.

గురువారం నాడు, దర్గాకు పోయొస్తామని నాయనకు చెప్పి, ఇద్దరం కడప బస్సెక్కాం. దర్గాకు వెళ్ళిన మాట నిజమే. చక్కెర పెట్టి దువా చదివించుకుని, అటునుంచి నెట్ సెంటరుకు వెళ్ళాం. అమ్మ నా పక్కన స్టూలు మీద కొంగు కప్పుకుని కూర్చుంది. బావ ఆ ప్రశ్న మార్చలేదు. తన ఇంటిపేరు మీద అంత నమ్మకం. పాత జవాబే చెప్పి, పాస్‌వర్డ్ మార్చి లోపలికెళ్ళి చూస్తే ఇంటర్వ్యూ తేదీ వచ్చి ఉంది, ఇంకా ఎవరూ తెరవలేదు. పది రోజుల గడువుంది.

ప్రశ్నను అలాగే ఉంచి జవాబు మార్చాను.

“యాడుండాది?” అంది అమ్మ.

చూపించాను. అక్షరాల మీద వేలితో మెల్లగా తడిమింది. “నేను పిల్చినట్లే రాసినావా?”

“అట్లే రాసినానమ్మా.”

ఆ బిడ్డ పేరు ఒకచోట రాసి ఉండటం అమ్మ చూడటం అదే మొదలు. అంతలో నెట్ సెంటర్ అక్క అటుగా వచ్చింది. అమ్మ గబుక్కున కొంగు తీసి కంప్యూటరు ముఖం మీద కప్పేసింది. ఆమె నవ్వుకుంటూ వెనక్కి వెళ్ళింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నాయనను ఎలా ఒప్పించిందో అమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంటర్వ్యూ అయింది, సీటు వచ్చింది. బావ పోట్లాడి, కొన్నాళ్ళు అలిగి, బద్వేలులోనే ఇంకో సంబంధం చేసుకున్నాడు. నేను వెళ్ళే రోజున నా ట్రంకుపెట్టె కడప బస్టాండు దాకా మోసుకొచ్చింది నాయనే. ఆయన నీళ్ళ సీసా కొనడానికి వెళ్ళినప్పుడు అమ్మ బస్సు కిటికీ దగ్గరికొచ్చింది.

“ఆ పేరు అది దినామూ అడుగుతాదా?”

“లేదమ్మా, పాస్‌వర్డ్ మర్చిపోతేనే అడుగుతాది.”

డ్రైవరు వచ్చి కూర్చున్నాడు.

“అట్లయితే అప్పుడప్పుడు మర్చిపోతా ఉండు పాపా,” అంది.

నేను అలాంటివి మర్చిపోయే మనిషిని కాదు. అయినా బెంగళూరులో ఉన్న రెండేళ్ళూ, నెలకొకసారి హాస్టలు పక్క నెట్ సెంటర్లో కూర్చుని, మర్చిపోయాను అన్నచోట నొక్కేదాన్ని. మీ అమ్మ పుట్టింటి ఇంటిపేరు ఏమిటని అడిగేది. మా అక్క పేరు రాసేదాన్ని. సరిపోయిందనేది.